బ్యాంకు కోసింది 5,600. రీఫండు 30,000 ఎలా వస్తుంది?

ప్రశ్న: నమస్కారమండీ. నాకు 27 ఏళ్లు. మాది ఉద్దానంలో పలాస దగ్గరి పల్లె. ఇప్పుడు అమ్మానాన్నలతో శ్రీకాకుళంలో అద్దెకు ఉంటున్నాను. నిరుడు సెప్టెంబరు ఆఖరు వరకు పైడిభీమవరంలో ఒక మందుల కర్మాగారంలో నెలకు 32,000 జీతానికి కెమిస్టుగా పనిచేశాను. తరువాత డీఎస్సీలో ఎంపికై అక్టోబరులో నరసన్నపేట వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంటుగా చేరాను. అక్కడ ఫిబ్రవరి వరకు జీతం మొత్తం 2,96,000 అయింది. నాన్నగారు రిటైర్మెంటు డబ్బులో 8 లక్షలు నా పేర ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశారు. దానికి 56,000 వడ్డీ వచ్చిందని బ్యాంకు 5,600 పన్ను కోసింది. అమ్మమ్మ నా పేర రాసిన జీడి తోటను ఏడాదికి 24,000 కౌలుకు ఇచ్చాము. పన్నెండు లక్షల వరకు పన్ను లేదు కనుక ఆదాయపు పన్ను రిటర్ను అక్కర్లేదని తోటి ఉపాధ్యాయులు అంటున్నారు. రిటర్నులు వేసే ఒకాయన మాత్రం 30,000 రీఫండు తెప్పిస్తానని, అందులో పదో వంతు తనకు ఇవ్వాలని, వడ్డీ సంగతి, తోట సంగతి రాయనక్కర్లేదని చెప్పారు. నాకు సొంతంగా వేసుకోవాలని ఉంది, కానీ భయంగా ఉంది. ఏ ఫారం వాడాలి? ఎక్కడ మొదలుపెట్టాలి? డబ్బు నా పేర వేసినందుకు నాన్నగారికి పన్ను పడుతుందా?

సమాధానం: అమ్మా, మీరు ఇచ్చిన అంకెలతోనే మీ రిటర్నులో ముప్పాతిక వంతు పూర్తయింది. మిగిలిన పాతిక వంతు సంగతికి వెళ్లే ముందు ఆ 30,000 మాట తేల్చుకోవాలి, ఎందుకంటే మిమ్మల్ని భయపెడుతున్నదీ, ఆశపెడుతున్నదీ ఆ అంకే.

ఏడాది పొడవునా మీ పాన్ నంబరు మీద ప్రభుత్వానికి ముందే జమ అయిన పన్ను, మీరు నిజంగా కట్టవలసిన పన్నుకన్నా ఎక్కువైతే, ఆ ఎక్కువైన భాగాన్ని తిరిగి ఇవ్వడమే రీఫండు. మీ పేరున జమ అయినది బ్యాంకు కోసిన 5,600 మాత్రమే. ఎంతటి నేర్పరి రిటర్ను వేసినా, చెల్లింపు ఆలస్యమైతే ఆదాయపు పన్ను శాఖ కలిపే కొద్దిపాటి వడ్డీ తప్ప, ఆ 5,600కు మించి మీ ఖాతాలో పడే మార్గం లేదు. ఆయన మాటలో ఇంకొక చిక్కు కూడా ఉంది. ఆ 5,600 కోత పుట్టిందే 56,000 వడ్డీ నుంచి. వడ్డీని రిటర్నులో చూపకుండా దాని మీద కోసిన పన్నును మాత్రం తిరిగి ఇమ్మని అడిగితే, ఆదాయం లేని చోట పన్ను ఎలా కోశారన్న ప్రశ్న శాఖ కంప్యూటరుకే వస్తుంది. అంటే ఆయన సలహా పాటిస్తే 30,000 రాకపోవడం అటుంచి, వచ్చే 5,600 కూడా చిక్కులో పడుతుంది.

మరి మీ పాఠశాలలోనే ఎవరికో 40,000 వచ్చిందని, మరొకరికి 50,000 వచ్చిందని వింటూ ఉండవచ్చు. వారి జీతాల నుంచి అంతకంటే ఎక్కువ పన్ను ముందే కోసి ఉంటుంది కాబట్టి అది సాధ్యమైంది. అందులో న్యాయమైన రీఫండులూ ఉంటాయి. పన్ను లెక్కకు ఉన్న రెండు విధానాల్లో మినహాయింపులు ఎక్కువగా ఉన్న పాత విధానం ఎంచుకుని, కట్టని ఇంటి అద్దెను, తీసుకోని బీమాను, లేని రుణం మీద వడ్డీని చూపి రాబట్టినవీ ఉంటాయి. ఈ రెండో రకం మీద ఆదాయపు పన్ను శాఖ 2025 జులై 14న దేశవ్యాప్తంగా 150 చోట్ల ఒకేసారి తనిఖీలు మొదలుపెట్టింది. తప్పుడు వివరాలతో ఆదాయాన్ని తగ్గించి చూపినట్లు తేలితే, ఎగవేసిన పన్నుకు రెండింతలు జరిమానా పడే వీలు చట్టంలో ఉంది. నోటీసు రిటర్ను ఎవరి పాన్ మీద ఉందో వారికే వస్తుంది, పదో వంతు తీసుకున్నాయనకు రాదు.

ఇక పన్నెండు లక్షల మాట. మీ తోటి ఉపాధ్యాయులు చెప్పినది సగం నిజం, ఆ సగంతోనే చాలామంది రిటర్ను మానేస్తున్నారు. 2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 వరకు వచ్చిన ఆదాయానికి కొత్త విధానంలో మొదటి 4 లక్షల మీద పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల వరకు 5 శాతం, 8 నుంచి 12 లక్షల వరకు 10 శాతం, ఆ పైన ఇంకా హెచ్చు రేట్లు ఉన్నాయి. పన్ను లెక్కించిన తరువాత, మొత్తం ఆదాయం 12 లక్షలు దాటని వారికి ఆ పన్నును, 60,000 వరకు, సెక్షన్ 87ఏ కింద రిబేటుగా తీసేస్తారు. అంటే పన్ను రద్దయ్యేది 12 లక్షల దగ్గరైనా, రిటర్ను వేయవలసిన బాధ్యత మొదలయ్యేది 4 లక్షల దగ్గర. రిబేటు కావాలని అడగడానికి కూడా రిటర్నే దారి. మీ ఆదాయం 4 లక్షలు దాటింది కనుక, పన్ను సున్నా అయినా, రీఫండు అక్కర్లేదనుకున్నా, మీరు రిటర్ను దాఖలు చేయవలసిందే.

దాటిందని ఎలా అంటున్నానో చూడండి. కర్మాగారంలో ఆరు నెలల జీతం 1,92,000, పాఠశాలలో 2,96,000, కలిపి 4,88,000. జీతగాళ్లకు కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్, అంటే రసీదులేవీ అడగకుండా జీతం నుంచి తీసేసే మొత్తం, 75,000. ఇద్దరు యజమానుల దగ్గర పనిచేసినా ఇది ఏడాదికి ఒక్కసారే. ఈ ఒక్క మాట దగ్గర చాలామంది పొరబడతారు. ఏడాది మధ్యలో ఉద్యోగం మారినప్పుడు పాత యజమాని 75,000, కొత్త యజమాని మళ్లీ 75,000 తీసివేసి ఎవరి లెక్క వారు చేస్తారు. జీతాలు పెద్దవైతే, రెండు లెక్కలూ కలిపేసరికి జులైలో చేతి నుంచి పన్ను కట్టవలసి వస్తుంది. మీకు ఆ బాధ లేదు. 4,88,000లో 75,000 పోగా 4,13,000. దీనికి డిపాజిట్ వడ్డీ 56,000 కలపాలి. పొదుపు ఖాతా వడ్డీ ఎంతో మీరు రాయలేదు. ఆ ఖాతాకు మూడు నెలలకొకసారి జమ పడే చిన్న అంకెల్ని చాలామంది ఆదాయంగానే లెక్కపెట్టరు. లెక్క కోసం 2,400 అనుకుందాం, మీరు పాస్‌బుక్ చూసి సరిచేసుకోండి. మొత్తం 4,71,400 అయింది. 4 లక్షల మీద మిగిలిన 71,400కు 5 శాతం చొప్పున 3,570 పన్ను, రిబేటుతో అది సున్నా. కోసిన 5,600 పూర్తిగా మీదే. పన్ను పైన వైద్య, విద్యా సెస్సు 4 శాతం ఉంటుంది కానీ, సున్నా మీద సెస్సు సున్నాయే.

పాఠశాల జీతాన్ని ఫిబ్రవరి వరకే లెక్క చెప్పడం పొరపాటేమోనని మీకు సందేహం కలిగి ఉండవచ్చు. మార్చి నెల జీతం ఏప్రిల్‌లో చేతికి వస్తుంది కనుక, ప్రభుత్వ ఉద్యోగుల పన్ను లెక్కల్లో మార్చి నుంచి ఫిబ్రవరి వరకు జీతాలు చూపడం ఆనవాయితీ. మీ ప్రధానోపాధ్యాయులు ఇచ్చే ఫారం 16లోనూ, అంటే ఏడాది జీతం, పన్ను కోత చూపే పత్రంలోనూ, అలాగే ఉంటే దాన్నే అనుసరించండి, మార్చి జీతం వచ్చే ఏడాది లెక్కలోకి వెళుతుంది.

ఇప్పుడు తోట. మీ రిటర్నులో అసలు మెలిక ఉన్నది ఇక్కడే. వ్యవసాయ ఆదాయానికి కేంద్రం పన్ను వేయదు. సాగుకు వాడే భూమి మీద వచ్చే కౌలు కూడా చట్టం దృష్టిలో వ్యవసాయ ఆదాయమే, మీరు స్వయంగా జీడి పిక్కలు ఏరి అమ్మకపోయినా సరే. పన్ను లేని ఆదాయాన్ని రిటర్నులో ఎందుకు రాయాలన్నది మన పల్లెల్లో అందరూ అడిగే ప్రశ్న. పన్ను లేకపోవడం వేరు, చెప్పనక్కర్లేకపోవడం వేరు. జీతగాళ్లు ఎక్కువగా వాడే ఐటీఆర్-1, అందరూ సహజ్ అని పిలిచే ఫారం, ఏడాదికి 5,000 మించని వ్యవసాయ ఆదాయం ఉన్నవారికే పనికివస్తుంది. మీకు 24,000 ఉంది కనుక మీరు ఐటీఆర్-2 వేయాలి. ఎంత ఆదాయం ఉన్నా ఉపాధ్యాయులంటే ఐటీఆర్-1 అని నెట్ సెంటర్లలో అలవాటుగా నొక్కేస్తారు. తోటలూ పొలాలూ ఉన్న మన జిల్లాలో అలా వేసిన రిటర్నులు ఎన్ని ఉంటాయో నేను ఊహించగలను.

ఐటీఆర్-2 పేరు చూసి బెదరవద్దు. అది పొడవైన ఫారం, కానీ అందులో మూలధన లాభాలు, విదేశీ ఆస్తులు వంటి పుటలు మీకు సంబంధించినవి కావు, ఎంపిక చేయకుండా వదిలేస్తే అవి తెరుచుకోవు. మీకు కావలసినవి జీతం, ఇతర ఆదాయాలు, మినహాయింపు ఉన్న ఆదాయం, కోసిన పన్ను, బ్యాంకు ఖాతా, ఇంతే. కౌలును మినహాయింపు ఉన్న ఆదాయం కింద వ్యవసాయం అన్న చోట రాయాలి. భూమి విస్తీర్ణం, అది ఏ జిల్లాలో ఉంది, వర్షాధారమా కాదా వంటి వివరాలు నికర వ్యవసాయ ఆదాయం 5 లక్షలు దాటిన వారినే అడుగుతుంది, కనుక మీకు అవసరం పడదు.

వ్యవసాయ ఆదాయం ఉన్నవారి పన్ను లెక్కలో ఒక అదనపు మెట్టు ఉంటుంది, ఫారం దాన్ని తానే ఎక్కుతుంది కానీ మీకు తెలిసి ఉండడం మంచిది. 4,71,400కు 24,000 కలిపి 4,95,400 మీద పన్ను వేస్తే 4,770 అవుతుంది. 4 లక్షలకు 24,000 కలిపి, 4,24,000 మీద వేస్తే 1,200 అవుతుంది. రెండింటి తేడా మళ్లీ 3,570. ఆదాయం రెండు పన్ను రేట్ల శ్లాబులకు అటూ ఇటూ ఉన్నవారికి ఈ మెట్టు దగ్గర పన్ను పెరుగుతుంది, మీకు పైసా కూడా మారలేదు. తోట సంగతి దాచమన్నాయన మీ చేత ఏమీ లాభం లేని అబద్ధం ఆడించబోయారన్నమాట.

జీడి ప్రస్తావన వచ్చింది కనుక ఒక పక్కమాట. తోటలో రాలిన పిక్కను ఎండబెట్టి బస్తాల్లో అమ్మితే అది వ్యవసాయ ఆదాయం. పలాసలో బట్టీలవారు చేసినట్లు పిక్కను కొని, ఉడికించి, పప్పు తీసి అమ్మితే అది వ్యాపారం, దానికి వేరే ఫారం, వేరే లెక్క. మీ చిన్నాన్నగారో, మేనమామగారో తోటతో పాటు బట్టీ కూడా నడుపుతూ ఉంటే ఈ తేడా వారికి చెప్పండి. కౌలు కాగితం రాసుకోవడానికి మన దగ్గర యజమానులు జంకుతారు, ఆ సంగతి నాకు తెలుసు. కాగితం లేకపోయినా కనీసం ఆ 24,000 చేతికి కాకుండా మీ ఖాతాలో పడేలా చూసుకోండి. రేపు ఎవరైనా అడిగితే చూపడానికి ఒక జమ ఉంటుంది.

ఇక పని ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను. ఫారం తెరవడానికి ముందు మూడు కాగితాలు బల్ల మీద పక్కపక్కన పెట్టుకోవాలి. మొదటిది యజమానుల ఫారం 16. జీతం నుంచి పన్ను కోసిన యజమాని దీన్ని జూన్ 15 నాటికి ఇవ్వాలి. మీ ఇద్దరు యజమానులూ పన్ను కోయలేదు కాబట్టి, ఇవ్వలేదని వారిని తప్పుపట్టలేము. ఇవ్వకపోతే నెలవారీ పే స్లిప్పులు చాలు. కర్మాగారం వదిలేసి ఎనిమిది నెలలు దాటాయి కనుక పాత పే స్లిప్పుల కోసం అక్కడి హెచ్‌ఆర్ వారికి ఈ వారమే ఒక మెయిల్ పెట్టండి, జులై ఆఖరి వారంలో అడిగితే జవాబు రాదు. రెండోది శాఖ పోర్టల్‌లో దొరికే ఏఐఎస్, అంటే వార్షిక సమాచార నివేదిక, దానితో పాటు మీ పాన్ మీద జమ అయిన పన్నును చూపే 26ఏఎస్. మీ గురించి బ్యాంకులూ యజమానులూ శాఖకు ఏమి చెప్పారో ఇందులో ఉంటుంది. ఏఐఎస్ దించుకున్నాక తెరుచుకోక చాలామంది అక్కడే ఆగిపోతారు. మీ పాన్‌ను చిన్న అక్షరాలతో రాసి, దాని వెంటనే పుట్టిన తేదీ, నెల, సంవత్సరం ఎనిమిది అంకెలుగా రాస్తే అదే దాని పాస్‌వర్డు. మూడోది మీ బ్యాంకు ఖాతాల ఏడాది స్టేట్‌మెంటు, ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు.

ఈ మూడింటినీ పోల్చడమే రిటర్ను వేయడంలో అసలు శ్రమ, మిగిలినదంతా టైపింగు. డిపాజిట్ వడ్డీ 56,000, కోత 5,600 అని బ్యాంకు చెప్పిన అంకెలే 26ఏఎస్‌లోనూ ఉన్నాయా చూడండి. మీ జీతాలు ఏఐఎస్‌లో కనిపించకపోవచ్చు, పన్ను కోత లేని చోట అలా జరుగుతుంది. అక్కడ కనిపించనంత మాత్రాన అది ఆదాయం కాకుండా పోదు, మీ స్టేట్‌మెంటులో ఉన్నదంతా మీరే రాయాలి. మీది కాని అంకె ఏదైనా ఏఐఎస్‌లో ఉంటే, అది తప్పు అని చెప్పడానికి ఆ పుటలోనే వీలు ఉంటుంది. బ్యాంకు కోసినది 20 కాకుండా 10 శాతమే కనుక, బ్యాంకు దగ్గర మీ పాన్ సరిగ్గానే నమోదై పనిచేస్తున్నదని ఊహించవచ్చు.

పోర్టల్‌లో ఖాతా తెరిచేటప్పుడు ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. ఫోన్ నంబరూ మెయిలూ మీవే ఇవ్వండి. నా మొదటి రిటర్నులు నేను వేసుకోలేదు, రెండు వందలు తీసుకుని వేసిపెట్టే ఒకాయన వేశారు. ఆయన అందరికీ చేసినట్లే నా ఖాతాకు కూడా తన మెయిల్ పెట్టుకున్నారు. ఒక ఏడాది వడ్డీ తేడా మీద వచ్చిన నోటీసు ఆయన మెయిల్‌లో వందల ఉత్తరాల మధ్య రెండేళ్లు నిద్రపోయింది. నాకు తెలిసేసరికి తరువాతి ఏడాది రీఫండు నుంచి ఆ బాకీని వడ్డీతో సహా సర్దేసుకున్నారు. తప్పు ఆయనదా అంటే సగమే, తాళంచెవి ఇచ్చింది నేను కదా. ఇదివరకు మీ పేర కర్మాగారంలో ఎవరైనా రిటర్ను వేసి ఉంటే, మీ పాన్‌తో ఖాతా ముందే ఉందని పోర్టల్ చెబుతుంది. అప్పుడు ఆధార్ ఓటీపీతో పాస్‌వర్డు మార్చుకుని, నంబరూ మెయిలూ వెంటనే మీవి పెట్టుకోండి. ఆధార్‌కు జోడించిన సిమ్ రీఛార్జి లేక ఆగిపోయి ఉంటే ఓటీపీ రాదు, ముందు ఆ పని చూసుకోవాలి.

మన వైపు పేర్లతో వచ్చే చిక్కు కూడా ఒకటుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాన్‌లో పూర్తి ఇంటిపేరు, ఆధార్‌లో ఇంటిపేరు చివర, బ్యాంకులో మరో తీరు, ఇలా నాలుగు చోట్ల నలుగురు మనుషుల్లా ఉంటాము. పాన్, ఆధార్ జోడింపు జరిగి ఉండాలి. రీఫండు పడవలసిన బ్యాంకు ఖాతాను పోర్టల్‌లో ముందుగా ధ్రువీకరించుకోవాలి, అక్కడ ఖాతాలోని పేరు పాన్‌లోని పేరుతో సరిపోలకపోతే ధ్రువీకరణ జరగదు, రీఫండు ఆగిపోతుంది. ఈ పరీక్ష రిటర్నుకు ముందే చేసుకుంటే, బ్యాంకుకు వెళ్లి పేరు సరిచేయించుకునే వ్యవధి ఉంటుంది.

ఫారం తెరవగానే ఏ సంవత్సరం అని అడుగుతుంది. ఆదాయం 2025-26లో వచ్చింది కాబట్టి చెయ్యి అటే పోతుంది, కానీ మీరు ఎంచుకోవలసింది అసెస్‌మెంట్ సంవత్సరం 2026-27. ఈ ఏడాది ఈ అయోమయం రెట్టింపైంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. కొత్త చట్టంలో అసెస్‌మెంట్ సంవత్సరం అన్న మాట లేదు, ఆదాయం వచ్చిన ఏడాదినే పన్ను సంవత్సరం అంటారు. అందువల్ల ఈ ఏప్రిల్ నుంచి మీరు సంపాదిస్తున్నది పన్ను సంవత్సరం 2026-27 ఆదాయం, నిరుడు సంపాదించినది అసెస్‌మెంట్ సంవత్సరం 2026-27 ఆదాయం. అంకెలు ఒకటే, ఏళ్లు వేరు. ఇప్పుడు మీరు వేస్తున్న రిటర్నుకు పాత చట్టమే వర్తిస్తుంది. కొత్త చట్టం గురించి వినిపించే మాటలను దీనికి అన్వయించుకోకండి.

తరువాత కొత్త విధానమా, పాత విధానమా అన్న ప్రశ్న వస్తుంది. కొత్తదే ముందుగా ఎంపికై ఉంటుంది, దాన్ని కదపవద్దు. పన్ను ఎలాగూ సున్నా అయినప్పుడు బీమా రసీదులూ అద్దె రసీదులూ ఏరుకోవడం వృథా శ్రమ. జీతం పుటలో ఇద్దరు యజమానులను వేర్వేరుగా చేర్చి, పాఠశాలకు రాష్ట్ర ప్రభుత్వం అని, కర్మాగారానికి ఇతరులు అని ఎంచుకోండి. వడ్డీలను ఇతర ఆదాయాల పుటలో పొదుపు ఖాతాది వేరుగా, డిపాజిట్‌ది వేరుగా రాయండి. కోసిన పన్ను పుటలో 5,600 ముందే నింపి ఉంటుంది, దాని ఎదుట ఆదాయం 56,000 అని ఉన్నదో లేదో చూడండి. ఆఖరి పుటలో రీఫండు 5,600 అని కనిపిస్తే మీ లెక్కా నా లెక్కా కలిసినట్లు. వేరే అంకె కనిపిస్తే సమర్పించకుండా వెనక్కి వెళ్లండి. సాధారణంగా స్టాండర్డ్ డిడక్షన్ దగ్గరో, ఒకే వడ్డీ రెండుసార్లు పడిన చోటో తప్పు దొరుకుతుంది.

మీరు ప్రస్తావించని సంగతి ఒకటి నాకు మనసులో మెదులుతోంది. కర్మాగారం వదిలినప్పుడు పీఎఫ్ డబ్బు తీసుకున్నారా? అయిదేళ్ల సర్వీసు నిండకుండా తీసుకుంటే ఆ డబ్బుకు పన్ను మినహాయింపు ఉండదు, 50,000 పైబడితే పీఎఫ్ కార్యాలయమే 10 శాతం కోస్తుంది. తీసుకుని ఉంటే అది మార్చి 31 లోపలా, తరువాతా అన్నది చూసి, లోపలైతే ఈ రిటర్నులోనే చేర్చాలి. ఏఐఎస్‌లో అది, పన్ను కోసి ఉంటే, కనిపిస్తుంది.

సమర్పించడంతో పని అయిపోయిందని చాలామంది కంప్యూటరు మూసేస్తారు. రిటర్నును 30 రోజుల్లోగా ధ్రువీకరించాలి, లేకపోతే వేయనట్లే లెక్క, లేదా ఆలస్యంగా వేసినట్లు లెక్క. ఆధార్ ఓటీపీతో అది నిమిషం పని, అక్కడికక్కడే చేసేయండి. ఓటీపీ రాని పక్షంలో రసీదు పుటను ముద్రించి, సంతకం చేసి, బెంగళూరులోని శాఖ కేంద్రానికి స్పీడ్ పోస్టులో పంపవచ్చు. గడువు జులై 31. ఆ రోజు దాటినా డిసెంబరు 31 వరకు వేయవచ్చు కానీ ఆలస్య రుసుము ఉంటుంది. మీ మొత్తం ఆదాయం 5 లక్షల లోపు కనుక అది 1,000, దాటిన వారికి 5,000. మీకు రావలసినదే 5,600 కదా, అందులో వెయ్యి పోగొట్టుకోవడం ఎందుకు? ఆఖరి వారంలో పోర్టల్ నత్తనడక నడుస్తుంది, ఏఐఎస్‌లో అంకెలు స్థిరపడే జూన్ ఆఖరు నుంచి జులై పదిహేను లోపు ఒక ఆదివారం పెట్టుకోండి.

కొన్ని రోజులకో, వారాలకో సెక్షన్ 143(1) కింద ఒక ఉత్తరం మెయిల్‌లో వస్తుంది. దీన్నే నోటీసు అనుకుని గుండె జారిపోయినవారిని చూశాను. అది శాఖ పంపే లెక్క మాత్రమే. మీరు చెప్పిన అంకెలు ఒక వరుసలో, శాఖ లెక్కించినవి పక్క వరుసలో ఉంటాయి. రెండూ ఒకటే అయితే ఆ ఫైలును భద్రపరచుకుని ఊరుకోండి. తేడా ఉంటే ఏ గీత దగ్గర ఉందో అందులోనే తెలుస్తుంది. దానికి సంబంధం లేకుండా, మీ రీఫండు సిద్ధంగా ఉంది, ఈ లింకు నొక్కండి అంటూ ఫోనుకు వచ్చే సందేశాలను తెరవకండి. రీఫండు మీరు ధ్రువీకరించిన ఖాతాలో తానే పడుతుంది, ఎవరికీ ఓటీపీ చెప్పవలసిన పని లేదు.

వచ్చే ఏడాది ఈ 5,600 ముందే పోకుండా ఆపే వీలు కూడా ఉంది. డిపాజిట్ వడ్డీ ఏడాదికి 50,000 దాటితేనే బ్యాంకు కోస్తుంది. మీ ఏడాది పన్ను సున్నా అని మీకు తెలిసినప్పుడు, ఇన్నాళ్లూ 15జీ అని పిలుచుకున్న స్వీయ ప్రకటన పత్రాన్ని ఏడాది మొదట్లోనే బ్యాంకులో ఇస్తే కోయరు. కొత్త చట్టం కింద ఆ పత్రం ఏ రూపంలో తీసుకుంటున్నారో బ్యాంకు కౌంటరులో అడగండి. పూర్తి ఏడాది జీతం, వడ్డీ కలిపినా మీరు 12 లక్షలకు చాలా దూరంలోనే ఉంటారు.

మీ నాన్నగారి ప్రశ్న చివరికి వచ్చింది. తండ్రి కూతురికి ఇచ్చిన డబ్బు ఎంతైనా దాని మీద ఇచ్చినవారికీ, పుచ్చుకున్నవారికీ పన్ను లేదు. మీరు మేజరు కనుక ఆ వడ్డీని ఆయన ఆదాయంలో కలపరు, అది మీదే. అయితే నాన్నగారు ఆ డబ్బు మీకు ఇచ్చేశారా, లేక మీ పేర ఉంచారా అన్నది మీ ఇద్దరికీ స్పష్టంగా ఉండాలి. ఇచ్చేసినట్లయితే, ఫలానా తేదీన ఫలానా ఖాతా నుంచి నా కుమార్తెకు 8 లక్షలు కానుకగా ఇచ్చాను అని ఒక తెల్లకాగితం మీద రాసి సంతకం చేయించి, డిపాజిట్ రసీదుతో పాటు ఉంచండి. కేవలం ఉంచినట్లయితే, గడువు తీరిన రోజున ఆయన పేరనే వేసుకోమనండి. ఆయనకు అరవై ఏళ్లు నిండి ఉంటే ఏడాదికి లక్ష రూపాయల వడ్డీ వరకు బ్యాంకు కోతే ఉండదు, వృద్ధులకు ఇచ్చే అదనపు వడ్డీ కూడా వస్తుంది.